దగ్గర కోర్టు వద్దన్న సాక్షి

2023 వానాకాలం. జంషెడ్‌పూర్ కోర్టులో నేను ప్రాక్టీసు మొదలుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. కోర్టు సాక్చీలో, ఇల్లు కద్మాలో, ఇంటి ముందు గదే ఆఫీసు. మా నాన్న శ్రీకాకుళం నుంచి కార్ఖానా పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. అందుకని తెలుగువాళ్లకి పోలీసు కాయితం వచ్చినా, పెన్షన్ కాయితం రాకపోయినా ముందు నా గుమ్మమే తొక్కుతారు. నేను పనిమంతురాలినే గానీ ఓపిక తక్కువ. క్లయింటు సగం చెప్పేసరికి మిగతా సగం నాకు తెలిసిపోయిందనుకునే రోగం ఒకటుంది. ఈ కేసులో ఆ రోగం నన్ను ఒకసారి కాదు, మూడుసార్లు బోల్తా కొట్టించింది.

కేసులోకి వెళ్లే ముందు ఒక్క విషయం చెప్పాలి. నేరం ఎక్కడ జరిగితే ఆ ప్రాంతపు కోర్టులోనే విచారణ జరగడం మామూలు పద్ధతి. అక్కడ న్యాయం సరిగ్గా జరగదని సహేతుకమైన భయం ఉన్నా, సాక్షులకి మరీ ఇబ్బందిగా ఉన్నా, కేసును వేరే చోటికి మార్చమని అడగొచ్చు. దాన్ని ట్రాన్స్‌ఫర్ పిటిషన్ అంటాం. ఒకే జిల్లాలో ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకైతే సెషన్స్ జడ్జి మారుస్తారు, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకైతే హైకోర్టు, రాష్ట్రం దాటించాలంటే సుప్రీంకోర్టు. హైకోర్టుకి ఈ అధికారం ఇచ్చేది అప్పటికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 407 సెక్షన్. ఇప్పుడు కొత్త చట్టం వచ్చి అంకె మారింది, అధికారం మాత్రం అలాగే ఉంది. కోర్టులు దీన్ని తేలిగ్గా వాడవు. అడిగినవాళ్లందరికీ మార్చుకుంటూ పోతే ప్రతి ముద్దాయీ తనకు నచ్చిన జడ్జిని వెతుక్కుంటాడు.

పైడమ్మ ఒక ఆదివారం పొద్దున్న వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. జంషెడ్‌పూర్ శివారు గోవింద్‌పూర్ వైపు ఒక బస్తీలో ఉంటుంది. రేజా పని చేసేది, అంటే కట్టుబడి పనుల్లో మట్టీ ఇసుకా రేకులూ మోసే ఆడకూలీ. వచ్చి కుర్చీ అంచున కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, తన కేసు జరిగే ఊరు మార్పించాలని అడిగింది. అలా మార్చొచ్చని ఎవరు చెప్పారంటే, సెరైకెలా కోర్టు బయట టీ కొట్టు దగ్గర ఎవరో అనుకుంటుంటే విందట.

జరిగింది ఇది. అంతకు ముందు ఏడాది వానల్లో, గమ్హరియాలో ఒక చిన్న కార్ఖానా షెడ్డు కప్పు కారుతోంది. ఆ పని అప్పలస్వామి మేస్త్రీ తీసుకున్నాడు. పలాస చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆ బస్తీలో సగం మందిని పనులకి తెచ్చి, గదులు చూపించి, రేషన్ కార్డులు చేయించినవాడు ఆయనే. పైడమ్మ మొగుడు సూరి అక్కడ పనివాడు, పైడమ్మ అక్కడే రేకులు మోస్తోంది. సూరి కప్పెక్కాడు. తడిసిన ఆస్బెస్టాస్ రేకు కాలికింద విరిగింది. నడుముకి బెల్టు లేదు, తాడు లేదు. కింద సిమెంటు నేల. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

మేస్త్రీయే ఎక్కమన్నాడని పైడమ్మ ఆ రోజే పోలీసులకి చెప్పింది. నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమయ్యాడని మేస్త్రీ మీద కేసు పెట్టారు. మేస్త్రీ మాత్రం, సూరి తాగి ఉన్నాడనీ, వద్దన్నా వినకుండా తనంతట తనే ఎక్కాడనీ చెప్పాడు. అక్కడున్న మిగతా పనివాళ్లు కూడా అదే చెప్పారు. పోస్టుమార్టం రిపోర్టులో తాగాడని లేదు, తాగలేదనీ లేదు. మేస్త్రీ ఎక్కమన్న మాట విన్నానని చెప్పేది పైడమ్మ ఒక్కతే. గమ్హరియా సెరైకెలా జిల్లాలోకి వస్తుంది కాబట్టి కేసు సెరైకెలా కోర్టులో నడుస్తోంది.

సాక్ష్యం చెప్పడానికి అప్పటికి రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి ప్రమాణం చేసి, నీళ్లడిగి, ఇంకేం మాట్లాడలేకపోయింది. రెండోసారి బోనులో నిలబడి ఏడ్చింది. మేజిస్ట్రేటు మంచాయన. కుర్చీ వేయించి, కాసేపు ఆగి, ఇంకొక్క తారీఖు ఇస్తానన్నాడు. ఆ రోజూ నోరు విప్పకపోతే ఆమె సాక్ష్యం లేకుండానే కేసు ముగిసిపోతుంది. సూరి తాగి పడిపోయినవాడిగా కోర్టు కాయితాల్లో మిగిలిపోతాడు.

ట్రాన్స్‌ఫర్ అనగానే అడగాల్సిన మొదటి ప్రశ్న అడిగాను. ఎవరైనా బెదిరించారా?

"నేదమ్మా. అందరూ బాగానే సూత్తారు."

"మేస్త్రీ ఏమైనా అన్నాడా?"

"ఆయనేటంతాడు? అన్నం తిన్నావా అని అడుగుతాడు."

అప్పటికే నాకు చిరాకు మొదలైంది. భయం లేదు, బెదిరింపు లేదు, జడ్జి మంచివాడు, మరి మార్చమని అడగడం దేనికి? ఆమె చెప్పుకొచ్చింది. ఆ బస్తీలో ఎవరికి కోర్టు తారీఖు ఉన్నా, ఆసుపత్రికి వెళ్లినట్టు ఇరుగుపొరుగు వెంట వెళ్తారు. ఒంటరిగా పంపడం తప్పు. ఆమె తారీఖుకి పద్దెనిమిది మంది వెళ్లారు. ఉప్మా కేరియర్లలో కట్టుకుని వెళ్లి, కోర్టు వరండాలో కూర్చుని, ఆమెకీ మేస్త్రీకీ కలిపే పెట్టారు. ఆమెకి పురుడు పోసిన పెద్దమ్మ ఉంది అందులో. సూరి పోయినప్పుడు పదకొండు రోజులు ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా వండి తెచ్చిన మనిషి ఉంది. కోర్టు గది తలుపు తీసే ఉంటుంది. బోనులో నిలబడితే వాళ్లందరూ కనిపిస్తారు.

"ఆళ్లకి మేస్త్రీ కావాల, నాను కావాల. సూరి ఎలాగూ నేడు గదా, ఓ మాటతో అయిపోతాది గదా అన్నట్టు సూత్తారమ్మా."

ఏడో తరగతి చదివే కూతురుందట. ఆ పిల్ల బడి నుంచి వచ్చి ఒక రోజు "పాపా పీకే గిరే థే క్యా?" అని అడిగిందట, నాన్న తాగి పడిపోయాడా అని. పైడమ్మ ఇది చెప్పేటప్పుడు ఏడవలేదు. పమిట అంచు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

నా బుర్రలో పిటిషన్ తయారైపోయింది. ఆడమనిషి, విధవ, ఇల్లు గోవింద్‌పూర్, కోర్టు నలభై కిలోమీటర్ల దూరంలో సెరైకెలా. కాబట్టి కేసును జంషెడ్‌పూర్‌కి మార్చండి. సాక్షి సౌకర్యం అనే మాట మీద ఇలాంటివి చాలా గెలిచాను. ఇందులో నా స్వార్థం కూడా ఉందని ఒప్పుకోవాలి. సాక్చీ మా ఇంటికి పావుగంట. సెరైకెలా వెళ్తే రోజంతా పోతుంది. క్లయింటు సౌకర్యం అని రాసే ప్రతి లాయరూ తన సౌకర్యం ఎక్కడుందో ఒకసారి చూసుకునే రాస్తాడు, చూసుకోనని ఎవరైనా అంటే నేను నమ్మను.

నాలుగు రోజుల తర్వాత అఫిడవిట్ మీద సంతకం పెట్టించడానికి పిలిచాను. అఫిడవిట్ అంటే పిటిషన్‌లో ఉన్నదంతా నిజమని చేసే ప్రమాణ పత్రం. ఇంగ్లీషులో ఉంటుంది గనక తెలుగులో చదివి వినిపించాలి. ప్రమాణం చేయించే ఓత్ కమిషనర్ ముందు, గబగబా చదువుకుంటూ పోతున్నాను. నాలుగో పేరాలో, దిగువ కోర్టు మీద పిటిషనర్‌కి విశ్వాసం లేదు అని ఉంది. అది నేను ఆమె కోసం రాసింది కాదు. పాత పిటిషన్‌లో ఉన్నది, కంప్యూటర్లో పేర్లు మార్చి తీసిన కాయితంలో అలాగే వచ్చేసింది. ఇరవై ఏళ్లుగా అలాగే వస్తోంది.

"అది నాను సెప్పనేదమ్మా" అంది. "ఆ బాబు నాకు కుర్చీ ఏయించినాడు. ఆయన మీద నానెందుకు సెప్తాను?"

అది లాంఛనంగా రాసేదేనని సర్దిచెప్పబోయాను. ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. తర్వాత ఇంకో మాట అంది. జంషెడ్‌పూర్ కూడా వద్దు. సాక్చీ అయితే వ్యాన్ కూడా అక్కర్లేదు, అందరూ ఆటోల్లో వచ్చేస్తారు. రాంచీకి మార్చమంది.

నాకు ఒళ్లు మండింది. రాంచీ నూట ముప్పై కిలోమీటర్లు. దగ్గర చెయ్యండి అని కోర్టును అడగడం తెలుసు గానీ, దూరం చెయ్యండి అని అడగడం నా అనుభవంలో లేదు. ఓత్ కమిషనర్ కూడా నవ్వాడు. అంత దూరం పిల్లని వదిలేసి ఎలా వెళ్తావు, ఎవరు తోడొస్తారు అని గదమాయించాను.

"తోడు రాకూడదనే గదమ్మా" అంది.

ఆ కాయితం చింపేశాను. అది పెద్దమనసుతో చేసిన పని కాదు, కోపంతో చేసిందే. కానీ ఆ వారమంతా కొత్త పిటిషన్ రాయబోతే చెయ్యి ఆడలేదు. ఏమని రాయాలి? నా మీద ప్రేమ ఉన్నవాళ్ల నుంచి నన్ను దూరంగా తీసుకెళ్లండి అని హైకోర్టుకి ఏ భాషలో రాస్తారు? చివరికి కోర్టు మీద ఫిర్యాదు లేదని మొదటి పేరాలోనే రాశాను. బెదిరింపు లేదని రెండో పేరాలో రాశాను. అంటే గెలిపించే రెండు కారణాలూ నా చేత్తో నేనే కొట్టేసుకున్నానన్నమాట. న్యాయ ప్రయోజనం కోసం అవసరమైతే కూడా మార్చొచ్చని చట్టంలో ఒక వాక్యం ఉంది. దాన్నే పట్టుకున్నాను. పద్దెనిమిది మందీ, ఉప్మా కేరియర్లూ, తెరిచిన తలుపూ అన్నీ రాశాను. ఈసారి చదివి వినిపిస్తే ఆమె మొదటి నుంచి చివరిదాకా విని సంతకం పెట్టింది.

హైకోర్టు పిటిషన్ తీసుకుని, తేలేవరకు సెరైకెలాలో విచారణ ఆపమంది. మేజిస్ట్రేటును రిపోర్టు అడిగింది. ఆయన ఉన్నది ఉన్నట్టు రాశాడు. సాక్షి రెండుసార్లు మాట్లాడలేకపోయిందనీ, వరండా నిండా ఆమె మనుషులే ఉన్నారనీ, వాళ్లలో ఎవరూ ఎప్పుడూ గలాటా చెయ్యలేదనీ.

హైకోర్టు ఉన్నదీ రాంచీలోనే. వాదనల రోజు పైడమ్మ కూడా వచ్చింది. రావక్కర్లేదని చెప్పినా వినలేదు. తెల్లవారుజాము రైల్లో నాతోనే రాంచీ వచ్చి వెనక వరసలో కూర్చుంది. మేస్త్రీ తరఫు సీనియర్ లాయరు లేచి, ముందు మర్యాదగా ఆమె దుఃఖం పట్ల సానుభూతి చెప్పి, ఆ తర్వాత నాలుగు ఫోటోలు జడ్జి గారికి అందించాడు. మొదటి రెండు తారీఖుల్లోనూ పైడమ్మ సెరైకెలా కోర్టుకి ఎలా వచ్చిందో వాటిలో ఉంది. మేస్త్రీ సొంత వ్యాన్‌లో వచ్చింది. డ్రైవరు పక్కన ముందు సీట్లో, ఒళ్లో టిఫిన్ కేరియర్ పెట్టుకుని కూర్చుంది. ముద్దాయి బండిలో, ముద్దాయి మనుషులతో కలిసి, ముద్దాయి మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చే మనిషికి ఏ ఒత్తిడి ఉందో నాకు తెలియడం లేదు అన్నాడాయన.

నాకూ తెలియదు. ఆ వ్యాన్ ఎవరిదో ఆమె నాకు చెప్పలేదు. నేను అడగనూ లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఫోటోల వైపే చూస్తోంది. తలుపులు మూసి సాక్ష్యం తీసుకుంటే చాలదా అని జడ్జి గారు అడిగారు. తలుపు మూసినా వరండా ఉంటుంది, అదయ్యాక ఇంటికి వెళ్లే దారి ఉంటుంది అని ఏదో చెప్పాను. ఆ దారి ఎవరి వ్యాన్‌లోనో ఇప్పుడే అందరూ చూశారు గనక నా మాటకి బలం లేదు.

జడ్జి గారు ఫోటోలు పక్కన పెట్టి, పిటిషనర్ వచ్చిందా అని అడిగారు. పైడమ్మ లేచి నిలబడింది. ఆ బండి ఎందుకెక్కావని ఆయన హిందీలో నెమ్మదిగా అడిగారు. ఆమె హిందీలోనే మొదలుపెట్టింది, రెండు మాటల తర్వాత ఆగిపోయింది. నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"ఎక్కకపోతే ఎందుకెక్కనేదని పద్దెనిమిది మందీ అడుగుతారు. ఎక్కితే ఎవులూ ఏటీ అడగరు."

నేను దాన్ని అలాగే, ఏమీ కలపకుండా చెప్పాను. రాంచీకైతే వాళ్లు రారా అని జడ్జి గారు అడిగారు.

"ఓపాలి వత్తారు బాబూ. రెండోపాలికి కూలి పోతాదని రారు."

ఆయన నవ్వు ఆపుకున్నారు. ముద్దాయికి అంత దూరం రావడం కష్టమని సీనియర్ లాయరు చివరిగా ఒక మాట వేశాడు. ఆయనకి వ్యాన్ ఉందిగా అన్నారు జడ్జి గారు. కేసును రాంచీ కోర్టుకి మారుస్తూ ఉత్తర్వు వచ్చింది. సెరైకెలా మేజిస్ట్రేటు మీద ఎలాంటి ఆక్షేపణా లేదని అందులో ప్రత్యేకంగా రాశారు. అది చదివి చెప్పినప్పుడు పైడమ్మ తృప్తిగా తలాడించింది.

ఆ ఉత్తర్వు చేతికి వచ్చిన రోజు నాకు గర్వంగానే ఉంది. నా కేసు నాకు పూర్తిగా అర్థమైందనుకున్నాను.

రాంచీలో మొదటి తారీఖుకి ఆమె చెప్పినట్టే బస్తీ వాళ్లు వచ్చారు, ఆరుగురు. ఆ రోజు వేరే కేసులతో పొద్దుపోయి వాయిదా పడింది. రెండో తారీఖుకి ఎవరూ రాలేదు. పై అంతస్తులో చిన్న గది. బల్లలు ఖాళీ. మేజిస్ట్రేటు, ఫైళ్లు అందించే పేష్కార్, ప్రాసిక్యూటరు, తలుపు దగ్గర ఒక కానిస్టేబులు. ఒక పక్క మేస్త్రీ, ఆయన లాయరు. తెలుగులో చెప్పడానికి ఆమెని అనుమతించి, భాష తెలిసిన ఒక ఉద్యోగిని దుబాసీగా పిలిపించారు. ఆయనది గుంటూరు వైపు, ఈమె ఎవరో ఆయనకి తెలియదు.

పైడమ్మ ప్రమాణం చేసింది. నీళ్లు అడగలేదు. ప్రాసిక్యూటరు అడుగుతుంటే ఆ రోజు సంగతి వరసగా చెప్పుకొచ్చింది.

"వానొచ్చి ఆగినాది. రేకులన్నీ తడి. మేస్త్రీ అన్నాడు, ఒరే సూరీ, ఎక్కి ఆ పగిలిన రేకు తీసీ, పది నిమిషాల పని అని. మా ఆయన తాడడిగినాడు. తాడు ఇంకో సైటుకాడ ఉండిపోనాది అన్నాడు మేస్త్రీ. మా ఆయన ఆ పొద్దు తాగనేదు. తాగితే నాకు తెలిసీదా?"

ఇంతవరకు నాకు తెలిసిందే. ఇక్కడితో అయిపోవాలి. ప్రాసిక్యూటరు కూర్చోబోతున్నాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"అప్పుడు మా ఆయన నా వంక సూసినాడు" అంది. "నానే అన్నాను. బేగి ఎక్కి దిగీ, మేస్త్రీకి ఎదురు సెప్పకు అని."

దుబాసీ ఆ వాక్యం చెప్పడానికి కొంచెం ఆలస్యం చేశాడు. ఆమె ముఖం చూసి ఆగాడనుకుంటాను. నాకు ముందు వచ్చింది కోపమే. ఏడాది కష్టం ఒక్క మాటతో నీళ్లపాలు చేసిందనుకున్నాను. అనుకున్నట్టే మేస్త్రీ లాయరు ఉత్సాహంగా లేచాడు. అయితే నీ మొగుడు ఎక్కింది నీ మాట మీద, నా క్లయింటు మాట మీద కాదు, అంతేనా అని అడిగాడు.

"ఆయనా అన్నాడు, నానూ అన్నాను బాబూ" అంది పైడమ్మ. "నా మాట నాను సెప్పుకున్నాను. ఆయన మాట ఆయన్ని సెప్పమనండి."

లాయరు ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు గానీ వాటిలో పస లేదు. నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

తిరుగు రైల్లో, ముందే నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

"మేస్త్రీ మాట ఆళ్ల ముందర సెప్పగలనమ్మా. నా మాటే సెప్పలేకపోనాను. అది ఆళ్లింటే, నీ అయ్యని ఎక్కించింది మీ అమ్మే అని నా కూతురికి నాకన్నా ముందర సెప్పీసీవోరు."

అంతసేపూ ఆమె మేస్త్రీకి మొహమాటపడుతోందనీ, బస్తీకి భయపడుతోందనీ అనుకున్నాను. హైకోర్టు ముందు అదే వాదించి గెలిచాను కూడా. అది అబద్ధం కాదు గానీ, అసలు బరువు వేరే ఉంది. నా ముందు గదిలో ఎన్నోసార్లు ఆ కుర్చీ అంచున కూర్చున్నప్పుడు అది ఆమె నాలుక చివరే ఉండుంటుంది. నేను ఎప్పుడూ తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు రైల్లో సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాను.

సాక్షులందరూ అయ్యాక ముద్దాయిని కోర్టు నేరుగా ప్రశ్నలడుగుతుంది. మీ మీద ఇలా సాక్ష్యం వచ్చింది, ఏమంటారు అని. దానికి లాయర్లందరం ఒకటే జవాబు నేర్పి పంపుతాం, అంతా అబద్ధం, నన్ను ఇరికించారు అని. ముద్దాయిలు పాఠం అప్పజెప్పినట్టు అది చెప్పి కూర్చుంటారు. నాకు తెలిసి ఆ జవాబు తప్పినవాళ్లు ఇద్దరు ముగ్గురే.

ఆ రోజు కూడా గది ఖాళీయే. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, చేతిలో సంచీ. దుబాసీ ప్రశ్న తెలుగులో చెప్పాడు. సూరిని కప్పెక్కమని మీరే అన్నారని సాక్షి చెప్పింది, ఏమంటారు? మేస్త్రీ వెనక్కి తిరిగి ఖాళీ బల్లల వైపు ఒకసారి చూశాడు. ఆయన ఇంటికి పెళ్లి సంబంధాల దగ్గర నుంచి తగాదాల దాకా అందరూ వస్తారు, ఆయన మాటకి ఆ బస్తీలో ఎదురు లేదు. ఆ మాట విని తలాడించడానికి ఇక్కడ ఒక్కరూ లేరు. లాయరు కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాడు.

"అన్నాను బాబూ" అన్నాడు మేస్త్రీ. "తాడు నేదనీ తెలుసు. ఆ పద్దెనిమిది మంది ముందర ఎలా సెప్పీది, నా వల్లే పోనాడని?"

పైడమ్మ అక్కడ లేదు. అది నేనే ఫోన్ చేసి చెప్పాను. కేసు మార్పించింది పైడమ్మ కోసమే. ఆ మార్పు మేస్త్రీ గురించి కూడా కావచ్చని హైకోర్టులో నాకు గానీ, అవతలి సీనియర్‌కి గానీ, బహుశా జడ్జి గారికి గానీ తట్టలేదు. పైగా ఆ మార్పుని అడ్డుకోవడానికి ఆయన లాయరు శాయశక్తులా పోట్లాడాడు.

శిక్ష పడింది. కొన్ని నెలల జైలు. అప్పీలు వేద్దామని లాయరు అడిగితే మేస్త్రీ వద్దన్నాడట. తీర్పులో సూరి తాగి ఉన్నాడనడానికి ఆధారం లేదని ఒక పూర్తి పేరా ఉంది. పైడమ్మ చెప్పిన తన మాట కూడా ఉంది. సొంత తప్పు దాచుకోని సాక్షిని నమ్మకపోవడానికి కారణం కనిపించలేదని రాశారు.

తీర్పు ఫోటోలు ముందే ఆమె ఫోన్‌కి పంపాను. ముద్ర వేసిన నకలు తీసుకోవడానికి ఆమె కద్మా వచ్చింది. ఈసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. నీ మాట కూడా ఇందులో అచ్చైంది, బస్తీలో ఎవరైనా చదివించుకుంటే తెలిసిపోతుంది, జాగ్రత్తగా దాచుకో అని చెప్పాను. లాయర్లకి ఉండే జాగ్రత్త అది.

"దాయక్కర్నేదమ్మా. నానే సెప్పీసినాను. మొదట నా కూతురికి, తరవాత అందరికీ. ఆ రాంచీలో ఎవులూ తెలీనోళ్ల ముందర ఓపాలి సెప్పీసేకా, ఇంటికాడ సెప్పడానికి నోరు వచ్చినాది."

కూతురు ఏమందని అడిగాను. రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు అమ్మ పక్కన కూర్చుని, ఫోన్లో ఉన్న ఇంగ్లీషు తీర్పులో నాన్న గురించి రాసిన పేరా హిందీలోకి మార్చి చదివి చెప్పమని పక్కింటి టీచరుని అడిగిందట. బస్తీలో కొందరు ఇప్పటికీ పలకరించరు. మేస్త్రీ భార్య మాత్రం పలకరిస్తుంది.

విచారణ జరిగే చోటు మార్చే అధికారం గురించి జూనియర్లు అడిగితే, ఇదివరకు కిలోమీటర్లూ, బెదిరింపులూ, జడ్జి పక్షపాతం లెక్క చెప్పేదాన్ని. ఇప్పుడు దానికి ముందు క్లయింటుని ఒకటి అడగమంటాను. నువ్వు చెప్పాల్సింది ఎవరి ముందు చెప్పలేకపోతున్నావు? కొందరికి ఆ జవాబు శత్రువు పేరు అవుతుంది. పైడమ్మకీ మేస్త్రీకీ అది తమను ఇంటి మనుషుల్లా చూసుకునే పద్దెనిమిది మంది. వాళ్ల దగ్గరికి నిజంతో తిరిగి రావడానికే ఆ ఇద్దరూ రాంచీ దాకా వెళ్లాల్సి వచ్చింది.